మొండితేలుకు పెట్టిన పేరు

మా అమ్మకు చదువు రాదు. కానీ జయరాజు సార్‌కు తెలిసిన తేళ్ల కన్నా ఆమెకు ఒక తేలు ఎక్కువ తెలుసు. ఆ ఒక్కదాని గురించే ఈ గొడవంతా.

అమ్మ పేరు జీవమ్మ. ఆళ్లగడ్డలో చర్చి వెనక వీధిలో మా ఇల్లు. నాయన పోయినప్పట్నుంచి ఆమె తెల్లారి మొదటి బస్సుకు అహోబిలం పోయి, అడవిలో ఎండుకట్టెలు ఏరి, రెండు మోపులు అక్కడి హోటళ్లకు అమ్మి, ఒక మోపు బస్సు పైన వేసుకుని ఇంటికి తెచ్చేది. మోపుకు కూడా టికెట్ తీసుకోమని కండక్టర్ అంటే, "కొట్టప్పా, సీటు గూడా చూపియ్యి, కూర్చోబెడతా" అనేది. ఆ కట్టెలే నన్ను నంద్యాల పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివించాయి. చదువయ్యాక అదే నంద్యాలలో కాలువల ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన తూములనూ కల్వర్టులనూ ట్రేసింగ్ కాగితం మీద సిరాతో ఎత్తడం నా పని. శనివారం సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ, సోమవారం పొద్దున బస్సుకు నంద్యాల.

జయరాజు సార్ ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. మా చర్చిలో పెద్ద. సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే, పాలిటెక్నిక్ దరఖాస్తు నింపింది ఆయనే, చేరే రోజు నాతో నంద్యాల దాకా వచ్చి, హాస్టల్ మేట్రన్‌తో మాట్లాడి పోయింది ఆయనే. ఆయన చేతిరాత లేని కాగితం మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1981 ఎండాకాలంలో ఆయన స్కూలు మైక్రోస్కోపును సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అద్దం కదలడం లేదంట. "నువ్వు టెక్నికల్ కదమ్మా" అన్నాడు. కల్వర్టు గీసే పిల్లకు మైక్రోస్కోపు బాగుచేయడం కూడా వస్తుందని ఆయన నమ్మకం. విప్పి చూస్తే పళ్లచక్రంలో పాత గ్రీజు బంకలా గడ్డకట్టి ఉంది. కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషన్ నూనె వేశాను. పనిచేసింది. ఇక ఏదో ఒకటి పెట్టి చూడాలి కదా. పొయ్యి దగ్గర అమ్మ నల్లమద్ది కట్టెను బండ మీద తట్టుతోంది. అది ఆమె అలవాటు. బెరడు కింద ఉండే పురుగులు దిగిపోతే గానీ కట్టె పొయ్యిలో పెట్టదు.

"దీన్ని చూడుమే, మొండితేలు" అని గోరు మీద ఒకదాన్ని ఎక్కించి ఇచ్చింది.

నూకగింజంత ఉంది. అద్దంలో చూస్తే అచ్చం తేలే. పీతకున్నట్టు రెండు డెక్కలు ముందుకు చాపి, వెనక్కి వెనక్కి నడుస్తోంది. తోక మాత్రం లేదు, కుట్టే ముల్లూ లేదు, వెనకంతా గుండ్రంగా తెగిపోయినట్టుంది. సార్ కూడా కన్ను పెట్టాడు. ఆయన కళ్లద్దాలు సోడాసీసా అడుగంత మందం, మైక్రోస్కోపులో ఆయనకు ఎక్కువగా కనపడేవి ఆయన కనురెప్పల వెంట్రుకలే. అయినా చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మను అడగడం మొదలుపెట్టాడు.

అమ్మ అన్నీ చెప్పింది. నల్లమద్ది మాను నిలబడి చచ్చిపోవాలి, అట్లా రెండేళ్లు ఎండి బెరడు లేస్తే దాని కింద చేరతాయి. నరికి పడేసిన మానులో ఉండవు. బెరడుకు సాలెగూడులాంటి తెల్లటి బుడ్డ కట్టుకుని అందులో కుబుసం విడుస్తాయి. తల్లి గుడ్లను కడుపు కింద సంచిలో మోస్తుంది. మాను పాడైపోతే ఏదో ఒక ఈగ కాలు పట్టుకుని ఇంకో మానుకు పోతాయి. ఈగకు ఎవరు ఎక్కారో కూడా తెలియదు.

"దీనికి విషం ఉండదా?" అన్నాను.

ఉంటుందన్నాడు సార్. ఆయన పుస్తకంలో చదివాడంట. తోక లేదు కాబట్టి విషం చేతుల్లో ఉంటుంది, ఆ డెక్కల కొనల్లో. మనుషుల్ని ఏం చేయదు, తనకన్నా చిన్నవాటినే.

ఆ వారంలోనే ఆయన ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాడు. ఈ తేలు గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదని, కొత్త జాతి అయితే పేరు కూడా మనమే పెట్టొచ్చని, మీరు రాస్తే పీహెచ్‌డీకి పనికొస్తుందని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఏడాది పాటు అమ్మ మోపుతో పాటు ఇంజక్షన్ సీసాల్లో మొండితేళ్లు తెచ్చేది. రెండుసార్లు సార్‌ను కూడా వెంటబెట్టుకుని అడవిలోకి తీసుకెళ్లి మాన్లు చూపించింది. ఆదివారం మధ్యాహ్నాలు నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని కొలతలు తీసేదాన్ని. డెక్క మీద ఎన్ని వెంట్రుకలు, ఏ వెంట్రుక ఎంత దూరంలో. కల్వర్టు కొలతలు మీటర్లలో ఉంటాయి, ఇవి మీటరును లక్ష ముక్కలు చేస్తే వచ్చేవి. మిగతా తేడా ఏం లేదు.

కడుపు కింద గుడ్ల సంచితో ఉన్న తల్లితేలు బొమ్మను నాకు తెలిసిన పద్ధతిలోనే గీశాను. మా పాలిటెక్నిక్‌లో నేర్పింది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్. అందులో వస్తువును ఎదురుగా చూసిన బొమ్మ మధ్యలో ఉంటుంది. పైనుంచి చూస్తే కనపడేది దాని కింద గీస్తాం, కిందనుంచి కనపడేది పైన గీస్తాం. ఎడమ వైపు చూసింది కుడి పక్కన వస్తుంది, కుడి వైపు చూసింది ఎడమ పక్కన. మామూలు మనుషులకు ఇది తలకిందుల వ్యవహారం. అందుకే షీటు కుడి చేతి కింది మూలలో ఒక డబ్బా గీసి, అందులో ఏ పద్ధతో తెలిపే చిన్న గుర్తు వేస్తాం. గీసినవారి పేరు, సరిచూసినవారి పేరు, వస్తువు పేరు కూడా ఆ డబ్బాలోనే. గుర్తు ఉంటే ఏది పైభాగమో ఏది కిందిభాగమో వేరే రాయక్కర్లేదు. ఆ మాటలు పత్రికవాళ్ల పద్ధతిలో తానే రాసుకుంటానన్నాడు సార్. సరే అన్నాను.

గీసినవారు దగ్గర ప్రేమకుమారి అని రాసుకున్నాను. వస్తువు పేరు దగ్గర ఖాళీ వదిలాను.

"దీనికి పేరేం పెడతారు సార్?"

ఆయన అమ్మ ఇచ్చిన టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి, జేబులోంచి పచ్చసిరా పెన్ను తీసి, ఖాళీలో ఇంగ్లీషు అక్షరాలతో రాశాడు. లాటిన్‌లో ఆడవాళ్ల పేరు పెడితే చివర అట్లా వస్తుందంట. పైకి చదివితే "జీవమ్మే" అని పలుకుతుంది.

"అంటే నేనే అని గదా సార్" అంది అమ్మ.

"నువ్వే జీవమ్మా. నువ్వు చూపిచ్చింది గదా. ఆదాము జంతువులకు పేర్లు పెట్టినాడు, మనం దీనికి నీ పేరు పెడతాండాం" అన్నాడు సార్. సరిచూసినవారు దగ్గర పచ్చసిరాతోనే పొడి సంతకం చేసి తేదీ వేశాడు. ఎవరూ నవ్వలేదు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ట్రేసర్లకు ఒక నియమం ఉంది. అసలు ట్రేసింగ్‌ను ఎవరికీ ఇవ్వకూడదు. అమోనియా మిషన్‌లో ప్రింటు తీసి అదే ఇవ్వాలి. నేను ఆఫీసులో భోజనాల వేళ రెండు ప్రింట్లు తీసి, రెండూ సార్‌కు ఇచ్చి, ట్రేసింగ్‌ను చుట్టి నా పెట్టెలో పెట్టుకున్నాను. నాకో ప్రింటు తీసుకోలేదు. అసలుదే నా దగ్గరుంటే నకలు ఎందుకు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. మా దగ్గర అది చిన్న విషయం కాదు. రోగం నయమైనవాళ్లు, కొడుకు పరీక్ష పాసైనవాళ్లు లేచి, దేవుడు తమకు చేసింది అందరి ముందూ చెప్తారు. అక్కడ అబద్ధం చెప్తే అది మనుషులతో చెప్పిన అబద్ధం కాదు. అంతవరకు అమ్మ ఎప్పుడూ లేవలేదు, చెప్పుకోవడానికి ఆమెకు ఏదీ జరగలేదు. ఆ రోజు లేచింది. కట్టెలు ఏరుకునేదాని పేరును దేవుడు తన సృష్టిలో ఒక జీవికి పెట్టించాడని చెప్పింది. పెద్దల బెంచీలో సార్ తల ఊపాడు. నేను చూశాను.

1983లో వ్యాసం అచ్చయింది. సార్ మాకు చెప్పలేదు. ఒక ప్రతి చర్చి అయ్యగారికి ఇచ్చాడు. బుధవారం ప్రార్థన అయ్యాక అయ్యగారు సంతోషంగా అమ్మను పిలిచి పత్రిక చూపించాడు. బొమ్మను అమ్మ గుర్తుపట్టింది. తన పేరు ఎక్కడుందో చూపించమంది. అయ్యగారు వేలు పెట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాడు, మళ్లీ మొదటి నుంచి వెతికాడు. చుట్టూ జనం చేరారు. లేదు.

అమ్మ ఆ పత్రికను అడిగి తెచ్చుకుని నేను వచ్చేదాకా బియ్యం డబ్బా మీద పెట్టింది. "నువ్వు చూడుమే. అయ్యగారికి కండ్లు సరిగా ఆనడం లే" అంది.

నాకు బాగా ఆనాయి. తేలుకు ప్రొఫెసర్ పేరు పెట్టారు. సేకరించినవారు జయరాజు. చివర చిన్న అక్షరాల్లో, బొమ్మలకు సిరా పెట్టిన స్థానిక ట్రేసర్‌కు కృతజ్ఞతలు. నా బొమ్మ ఉంది, కుడి చేతి కింది మూల లేదు. బ్లేడుతో కోసేశారు. అమ్మ పేరు, నా పేరు, సార్ పచ్చసిరా, అన్నీ ఆ ముక్కలోనే పోయాయి.

ఆ ముక్కతో పాటు ప్రొజెక్షన్ గుర్తు కూడా పోయింది. అందువల్ల సార్ పైన ఉన్న బొమ్మకు వీపు అనీ, కింద ఉన్న బొమ్మకు కడుపు అనీ రాసుకున్నాడు. అంటే ప్రపంచంలో మొదటిసారి గుడ్లను వీపు మీద మోసే మొండితేలు అచ్చయింది. ఆ ఏడుపులో కూడా నాకు నవ్వొచ్చింది. అమ్మకు చెప్తే ఆమెకు నవ్వు రాలేదు.

ఆదివారానికి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి రూతత్త కుళాయి దగ్గర అమ్మను ఆపి, "ఏం జీవమ్మా, నీ తేలుకు బాప్తిస్మం ఎప్పుడు?" అంది. ఇంకొకామె, అబద్ధ సాక్ష్యం పది ఆజ్ఞల్లో ఎన్నోదని అడిగిందంట. అమ్మ బిందె నిండకముందే తీసుకుని వచ్చేసింది.

ఇద్దరం సార్ ఇంటికి వెళ్లాం. ఆయన మంచివాడిలాగే మాట్లాడాడు. ప్రొఫెసర్ పట్టుబట్టాడని, తన చేతిలో ఏం లేదని, పీహెచ్‌డీ ఆగిపోయేదని చెప్పాడు. అది నిజమే అయ్యుండొచ్చు. అమ్మ దానికి వాదించలేదు.

"పేరు పోతే పోనీ సార్. నేను అబద్ధం చెప్పలేదని చర్చిలో ఒక్క మాట చెప్పండి. అంతే."

"చూద్దాంలే జీవమ్మా" అన్నాడు సార్.

నాలుగు నెలలు చూశాడు. అమ్మ చర్చికి వెళ్లడం మానలేదు, కానీ వెనక గోడ దగ్గరికి మారింది, పాట మొదలయ్యాక వచ్చి ఆశీర్వాదానికి ముందే వెళ్లిపోయేది.

అప్పుడు ఒకరోజు సార్ నంద్యాలలో మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో కలకత్తా నుంచి వచ్చిన ఉత్తరం. అక్కడి పెద్దాయన ఎవరో, ఇట్లాంటి తేళ్లలో ఏ తల్లీ గుడ్లను వీపు మీద మోయదు, మీ బొమ్మ తప్పా మీ తేలు తప్పా అని రాశాడు. సార్ ముఖం వాడిపోయి ఉంది. ఆఫీసు బయట టీ బంకు దగ్గర నిలబడి నేను ఫస్ట్ యాంగిల్ గురించి చెప్పాను. పైది కింద, కిందిది పైన. ఆయన చెయ్యి తిప్పి చూసుకుంటూ రెండుసార్లు అడిగి అర్థం చేసుకున్నాడు. సవరణ పంపడానికి అసలు ట్రేసింగ్ కావాలన్నాడు. ప్రింటు ఇస్తానన్నాను. ప్రింటు మసకగా ఉంటుంది, పత్రికవాళ్లు ఒప్పుకోరన్నాడు. మొదటిసారి ప్రింటుతోనే అచ్చయిన సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

"మా అమ్మ విషయం ఏంది సార్?" అన్నాను. ఆయనతో అట్లా ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఈ ఆదివారమే చెప్తానమ్మా. లేచి నిలబడి చెప్తా. నామీద నమ్మకం లేదా నీకు?"

నాకు వాక్యాలు నేర్పినవాడు అడిగే ప్రశ్నకు లేదని ఎట్లా చెప్పాలో ఏ డిప్లొమాలోనూ నేర్పరు. గదికి వెళ్లి ట్రేసింగ్ తెచ్చి ఇచ్చాను. ముందు నాకో ప్రింటు తీసి పెట్టుకుందామనుకున్నాను, ఆ రోజు అమోనియా అయిపోయింది, ఆయన బస్సుకు టైమవుతోంది. ఆయన ట్రేసింగ్‌ను విప్పి మొదట చూసింది తేలును కాదు, కుడి చేతి కింది మూలను. అప్పుడు నాకది ఏమీ అనిపించలేదు.

ఆదివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వెనక గోడ దగ్గర కాకుండా మధ్య వరుసలో కూర్చుంది. సాక్ష్యాల వేళ సార్ లేచాడు. తన పరిశోధనను దేవుడు ఆశీర్వదించాడని, కొందరు తప్పులు వెతికినా దేవుడు దారి చూపాడని చెప్పాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. సహోదరి జీవమ్మ గురించి ఎవరూ ఏమీ అనుకోవద్దన్నాడు. "నేను ఆ పొద్దు నవ్వులాటకు అన్న మాటను ఆమె నిజమనుకొన్నాది. చదువులేని మనిషి. ఆమె అబద్ధం చెప్పలా, అర్థం చేసుకోలా. నేను క్షమించినాను, మీరూ క్షమించండి."

చర్చంతా ఆమెన్ అంది.

నేను లేవాలనుకున్నాను. లేచి ఏం చూపించాలి? నవ్వులాటకు ఎవరైనా పచ్చసిరాతో సంతకం చేసి తేదీ వేస్తారా అని అడగొచ్చు. ఏ సంతకం అని వాళ్లు అడుగుతారు. ఆయన చేతిరాత లేని కాగితం మా ఇంట్లో లేదు, అమ్మ పేరు ఆయన రాసిన కాగితం మాత్రం ఇప్పుడు ఆయన ఇంట్లో ఉంది. నేనే తీసుకెళ్లి చేతిలో పెట్టాను.

అమ్మ లేచింది. గొంతు పెంచలేదు.

"సార్ నవ్వులాటకు అన్నాడంట. ఆ పొద్దు ఎవురన్నా నవ్వింటే నాకు తెలిసేది. ఎవురూ నవ్వలా."

అని కూర్చుంది. అయ్యగారు తొందరగా పాట నంబరు చెప్పాడు.

ఆరాధన అయ్యాక పెద్దలు వాకిట్లో నిలబడి అందరికీ చెయ్యిచ్చి పంపడం మా చర్చి ఆనవాయితీ. సార్ చెయ్యి చాపాడు. అమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని, "వందనాలు సార్" అని దాటి పోయింది.

దారిలో నేను ఆగలేక ట్రేసింగ్ ఇచ్చిన సంగతి చెప్పేశాను. ఇల్లు వచ్చాక అమ్మ తాళం తీస్తూ, "ఆయప్పకు నువ్వెందుకిచ్చినావ్?" అంది. నన్ను అట్లా ఆమె ఎప్పుడూ అడగలేదు. జవాబు చెప్పాను, నీ గురించే అని. "నన్ను అడిగింటే వద్దందును" అంది. సార్ మీద కన్నా ఆ రోజు ఆమెకు నా మీదే ఎక్కువ కోపం ఉందని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆరు నెలలకు సవరణ అచ్చయింది. గుడ్లు వీపు మీద నుంచి కడుపు కిందికి దిగాయి. కలకత్తా ఆయన మళ్లీ ఉత్తరం రాయలేదు. సార్ డాక్టర్ జయరాజు అయ్యాడు, స్కూల్లో దండ వేశారు.

సవరణలో నేను మొదట వెతికింది డెక్కలను. ఎడమ డెక్కకు కుడి అనీ, కుడి డెక్కకు ఎడమ అనీ అట్లాగే ఉంది. టీ బంకు దగ్గర ఆయన పైకీ కిందికీ గురించే అడిగాడు. నేను అడిగినదానికే చెప్పాను. కావాలని దాచలేదు, ఆ రోజు నా బుర్రలో అమ్మ విషయం తప్ప ఏమీ లేదు. తర్వాత మాత్రం గుర్తొచ్చినా చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరూ కనుక్కోలేదు. కనుక్కునేంత శ్రద్ధగా దాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరనుకుంటాను.

ఆ వానాకాలం తర్వాత ఒక శనివారం ఇంటికెళ్తే అమ్మ పొయ్యి ముందు ఉంది. నల్లమద్ది కట్టె ఒకటి పక్కన పెట్టుకుని, బెరడు కిందనుంచి వచ్చిన మొండితేలును వేలి మీద నడిపిస్తోంది.

"దీనికి పెట్టిన పేరు ఏంది?" అంది.

ప్రొఫెసర్ పేరు చెప్పాను.

"అట్ల పిలిస్తే పలుకుతాదా?"

"నీ పేరుతో పిలిచినా పలకదులేమ్మా."

"అది నాకు తెల్దా" అంది. దాన్ని గోడ పగుల్లోకి వదిలి, కట్టెను బండ మీద మూడుసార్లు తట్టి పొయ్యిలో పెట్టింది.